పచ్చ టిక్కు పడిన ఇళ్లు

నా చదువు ఏడో తరగతి. అది కూడా నిండా కాదు. లెక్కల పరీక్ష రోజే మా మేక ఈనింది. నేను మేక పక్షాన నిలబడ్డాను. ఆ తర్వాత బడి నన్ను వెతుక్కుంటూ రాలేదు, నేనూ బడిని వెతుక్కుంటూ పోలేదు. అలాంటి నన్ను ఊరి ఆరోగ్య కార్యకర్తగా తీసుకున్నారంటే, ఆ రోజుల్లో మా వైపు సంతకం చేయగల కోడళ్లకు ఎంత కరువుండేదో ఆలోచించండి.

ఇప్పుడు ఈ పనిలోకి డిగ్రీలు చదివిన అమ్మాయిలు వస్తున్నారు. మంచిదే. మీ కోసమే ఇది రాస్తున్నాను. జీతం ఎప్పుడు పెరిగింది, శాలువా ఎవరు కప్పారు, ఏ కాగితం ఎక్కడ ఇవ్వాలి, ఇవేవీ రాయను. అవి మీటింగుల్లో చెప్తారు, మీకు నిద్ర పట్టేదాకా చెప్తారు. మీటింగుల్లో చెప్పనివి కొన్ని ఉన్నాయి. వాటికి మొదట్లో నవ్వొస్తుంది. చివరిదాకా రాదు, ముందే చెప్తున్నాను.

నేను చేరినప్పుడు పనంటే కాన్పులు, టీకాలు, చుక్కల మందు. దిగిపోయేనాటికి ఊరూరా షుగరు, బీపీ. మామూలు రోగమైతే అదైనా పోవాలి, మనిషినైనా తీసుకుపోవాలి. ఇవి రెండూ చేయవు. ఇల్లరికపు అల్లుడిలా కూర్చుంటాయి, రోజూ మర్యాదలు చేయాలి. నారాయణఖేడ్, మా నోట్లో ఖేడ్, చుట్టుపక్కల ఊళ్లలో నా అసలు పేరు చాలామందికి తెలియదు. షుగరక్క అంటారు. ఇంత కారం నోటికి అంత తీపి పేరు.

ఆ మర్యాదలు గుర్తుచేయడానికే ఫోన్లో యాప్ వచ్చింది. షుగరున్న ప్రతి ఇంట్లో ఎవరో ఒకరి ఫోన్లో దాన్ని వేసి, వాడటం నేర్పించమని మాకు చెప్పారు. మందు వేళకు అది మోగుతుంది. ఒక ఆడగొంతు "నమస్కారమండీ! మందు వేసుకున్నారా అండీ?" అని అడుగుతుంది. వేసుకున్నామని ఒత్తితే పచ్చ టిక్కు పడుతుంది. ఒత్తకపోతే పేరు ఎర్రబడుతుంది. మా వైపు మనుషులు కన్నతల్లిని కూడా అండీ అనరు. అంత మర్యాద ఒక్కసారి మీద పడేసరికి కొందరు ముసలివాళ్లు భయపడి, లేచి నిలబడి మరీ మందు వేసుకున్నారు.

బస్వరాజ్ నడక

ఖేడ్‌లో చాయ్ హోటల్ నడిపే బస్వరాజ్‌కు షుగరు ముదిరింది. రోజూ నడవమన్నాడు డాక్టరు. అడుగులు లెక్కపెట్టే పని ఫోనుకు అప్పజెప్పాము. నెల తిరిగేసరికి బస్వరాజ్ అడుగులు చూస్తే కాశీకి పోయి వచ్చినట్టున్నాడు. షుగరు మాత్రం ఉన్నచోటే ఉంది. నాకు అనుమానం వచ్చింది.

ఒకరోజు మనూర్ పోయే షేర్ ఆటోలో ఎక్కితే ఎదురుగా బస్వరాజే ఉన్నాడు. ఫోను చొక్కా జేబులో ఉంది. ఆటో గుంతలో పడి లేచినప్పుడల్లా జేబు ఎగురుతోంది.

"ఏందయ్యా బస్వరాజ్, ఆటోల కూసోని నడుస్తున్నవా?"

"నేనేడ నడుస్తున్ననక్కా, రోడ్డే నన్ను నడిపిస్తున్నది. ఎవరికేం నష్టం?"

"నీ కాళ్లకు."

"కాళ్లు అడుగుతలేవు గదా అక్కా. ఫోనే అడుగుతున్నది."

ఆటో అంతా నవ్వింది. అందరికంటే ఎక్కువ నేనే నవ్వాను. ఆ మాటలో ఎంతుందో నాకు తర్వాత తెలిసింది.

అదే బస్వరాజ్ తిండి కూడా ఫోన్లో వేసేవాడు. అందులో బొమ్మలుంటాయి, తిన్నదాని మీద ఒత్తాలి. జొన్నరొట్టె బొమ్మ లేదు. వెతికి వెతికి దగ్గరగా ఉన్నదేదో ఒత్తేవాడు. నెలాఖరుకు డాక్టరు కళ్లద్దాలు తీసి మళ్లీ పెట్టుకున్నాడు. "రోజుకు రెండు పూటలా పిజ్జా ఎక్కడ దొరుకుతుందయ్యా నీకు?"

"గదేందో నాకు తెల్వద్సార్. గుండ్రంగున్నది, మీద ఉల్లిగడ్డలున్నయి. నేను తినేది గట్లనే ఉంటది."

నవ్వించడానికి చెప్పానని యాప్‌ను ఆడిపోసుకుంటున్నాననుకోకండి. బస్వరాజ్‌కు ఆ ఫోనే మేలు చేసింది. పాతరోజుల్లో షుగరు పరీక్ష చీటీ చొక్కా జేబులో ఉండేది, చొక్కాతోపాటు ఉతుకులో పోయేది. ఫోన్లో ఎన్నో నెలల అంకెలు వరసగా ఉండబట్టి డాక్టరు మందు మార్చాడు. బస్వరాజ్ ఇప్పటికీ చాయ్ పోస్తున్నాడు. ఆ పరికరం అంకెలు బాగా దాస్తుంది. మనిషి దాచినవి మాత్రం దానికి తెలియవు.

పచ్చా, ఎరుపూ

మా సూపర్‌వైజర్ కుర్రవాడు. చెడ్డవాడు కాదు, ఆ మాట ముందే రాస్తున్నాను. అతని చేతికింద ఊళ్లు చాలా ఉన్నాయి, మేం తక్కువ. అందుకని ఒక పద్ధతి పెట్టాడు. పొద్దున్నే ఎవరి పేర్లు ఎర్రగా ఉన్నాయో మా ఫోన్లకు వస్తాయి. మేం ఆ ఇళ్లకు పోవాలి. పచ్చగా ఉన్నవాళ్లు మందు వేసుకుంటున్నట్టే, అక్కడికి పోనక్కరలేదు.

మీటింగులో లేచి అడిగాను. "పచ్చ ఇండ్లకు అసలే పోవద్దా సార్?"

"పోయి ఏం చేస్తవక్కా? చాయ్ తాగొస్తవు."

"అవును సార్, తాగుతా. చాయ్ల చక్కెర ఎంతేసిండ్రో తాగితేనే తెలుస్తది గదా."

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. పద్ధతి మాత్రం మారలేదు. నా మాటలకు ఆ గుణం ఉంది. నవ్వించి ఊరుకుంటాయి. కోపంగా చెప్పివుంటే పోట్లాటైనా జరిగేది. ఆ పోట్లాట జరిగివుంటే బాగుండేదని ఇప్పుడు అనుకుంటాను.

మార్తమ్మ ఇంట్లో కొత్త పిల్ల

మార్తమ్మ మా వాడకట్టు చివరి ఇంట్లో ఉండేది. భర్త లేడు. ఒక్కడే కొడుకు సామెల్, హైదరాబాదులో సెంట్రింగ్ పనికి పోయేవాడు. ఆమెకు మాత్రలు చాలక రెండు పూటలా ఇన్సులిన్ సూది పెట్టారు. ఫ్రిజ్ లేదు కాబట్టి సీసాను మట్టికుండలో, తడి ఇసుక మధ్య పెట్టుకునేది. నన్ను వదినె అనేది. వదినె మరదళ్లన్నాక తిట్టుకోకపోతే ఊళ్లోవాళ్లు ఏమైనా అనుకుంటారు. అందుకని రోజూ తిట్టుకునేవాళ్లం.

సామెల్ కొత్త ఫోను కొనుక్కుని, పాతది అమ్మకిచ్చాడు. దాంట్లో యాప్ వేశాము. దాన్ని తన ఫోనుకు కలుపుకున్నాడు. మోగిన అరగంటలోపు అమ్మ ఒత్తకపోతే, హైదరాబాదులో అతని ఫోనుకు కబురు పోతుంది.

మొదటిసారి ఆ గొంతు విని మార్తమ్మ నన్నడిగింది. "వదినే, ఎవలి పిల్లనే గీమె? ఎంత మర్యాదగ మాట్లాడుతున్నది! పెండ్లి కాకుంటే మా సామెల్‌కు అడుగు."

నేను వదులుతానా? అక్కడే సామెల్‌కు ఫోన్ చేశాను. "అరే సామెల్, మీ అమ్మ నీకు పిల్లను ఖాయం చేసింది. జల్దీ రా, నలుగురు కూసున్నరు."

పాపం, వాడు నమ్మి మేస్త్రీని సెలవు కూడా అడిగాడట. ఆ తర్వాత నా మాట ఏదీ సగానికి మించి నమ్మేవాడు కాదు.

ఇక్కడ మా ఊరి పద్ధతి ఒకటి చెప్పాలి. ఖేడ్, సిర్గాపూర్ వైపు నుంచి పనులకు పోయేవాళ్లు హైదరాబాదులో బస్సు దిగగానే ఇంటికి ఒక మిస్డ్ కాల్ ఇస్తారు. ఒక్కసారి మోగి ఆగితే క్షేమంగా చేరామని. ఎత్తకూడదు. రెండుసార్లు మోగితే తిరిగి చేయమని. మేం ఎన్నో ఏళ్లు ఆ ఒక్క మోత మీదే బతికాం. మార్తమ్మకు పచ్చ టిక్కు కూడా అలాంటిదే. అది అడిగేది మందు గురించి. ఆమె చెప్పేది "బాగున్న బిడ్డా" అని.

ఒకసారి ఆమె పత్తి ఏరడానికి పోతూ ఫోను ఇంట్లో మరిచింది. సామెల్ ఫోనుకు కబురు పోయింది. ఎన్నిసార్లు చేసినా అమ్మ ఎత్తదు. వాడు పని మధ్యలో దిగి, బస్సెక్కి, సాయంత్రానికి ఇల్లు చేరాడు. ఆమె వాకిట్లో కూర్చుని అనపకాయలు ఒలుస్తోంది.

"ఏమాయెరా, పనికి పోలే?"

వాడు అమ్మ మొహం చూసి ఏడ్చాడు, తర్వాత తిట్టాడు. తెల్లారి తిరిగి పోయేసరికి మేస్త్రీ వాడి జాగాలో ఇంకొకర్ని పెట్టుకున్నాడు. మళ్లీ పని దొరకడానికి చాలా తిరిగాడు.

అంతే, మార్తమ్మ మనసులో ఒక ఒట్టు పెట్టుకుంది. ఇగ తన కొడుకు ఫోను ఎప్పుడూ మోగకూడదు. ఫోను పలికిందంటే ముందు టిక్కు, తర్వాత సూది. చేనుకు పోయే రోజు ఫోనును పక్కింటి ఈరమ్మ చేతిలో పెట్టేది. "ఆ పిల్ల అడిగితే ఒత్తే, లేకుంటే పోరడు పరేషాన్ అయితడు." ఈరమ్మ వేలు ఆడించేది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. నా ఫోన్లో మార్తమ్మ పేరు ఏ రోజూ ఎర్రబడలేదు. మా ఊరంతటికీ మంచి రోగి ఎవరంటే మార్తమ్మే అని సూపర్‌వైజర్ మీటింగులో చప్పట్లు కొట్టించాడు.

ఆ పొద్దున

కంది కోసిన చేలో మోడు గుచ్చుకుంది ఆమె కాలికి. షుగరు పాదాలకు స్పర్శ పోతుంది. నొప్పి లేదు కాబట్టి చూసుకోలేదు. కాళ్లు అడగవు గదా. తర్వాత జ్వరం వచ్చింది, నోరు చేదై తిండి మానేసింది. తిననప్పుడు సూదెందుకని అది కూడా మానేసింది. టిక్కు మాత్రం మానలేదు. మా వైపు చాలామంది అలాగే అనుకుంటారు. జ్వరంలో తిండి తగ్గితే సూది ఎంత వేయాలో దవాఖానలో అడగాలే తప్ప మనంతట మనం ఆపకూడదని ఆమెకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. ఎవరో ఎందుకు, అది నా పనే. కానీ ఆమె ఇల్లు పచ్చ ఇల్లు.

ఆ రోజుల్లోనే ఎర్ర ఇళ్లకు పోతూ ఆమె వాకిలి ముందు నుంచి కేకేశాను. "ఏమే మార్తా, ఇంక లేవలేదా? మహారాణివైనవా?"

లోపల నుంచి జవాబొచ్చింది. "నీలెక్క ఊరు మీద తిరిగేదానినా వదినే? నువ్వు పో, నాకు నిద్ర ఆగమైతున్నది."

నవ్వుకుంటూ పోయాను. తిట్టే ఓపిక ఉంది కదా, బాగుందనుకున్నాను. టిక్కులాగే ఆ తిట్టు కూడా నాకు క్షేమమనే చెప్పింది.

తర్వాత ఒక పొద్దున ఈరమ్మ ఉరికొచ్చింది. "అక్కా, మార్త లేస్తలేదు. పిలిస్తే ఊ అంటలేదు."

పోయి చూస్తే మనిషి కాలిపోతోంది. ఊపిరి బరువుగా లాగుతోంది. పాదానికి కట్టిన పాత గుడ్డ విప్పగానే సంగతి అర్థమైంది. షుగరు మీటరు పెడితే అది అంకె కూడా వేయలేదు. తన లెక్కకు అందనంత ఎక్కువుందని మాత్రం చూపించింది. కుండలో చూస్తే కొత్త ఇన్సులిన్ సీసా మూతకున్న ముద్ర కూడా ఊడలేదు. అంబులెన్సుకు ఫోన్ చేస్తుండగా వెనక నుంచి ఆ గొంతు పలికింది.

"నమస్కారమండీ! మందు వేసుకున్నారా అండీ?"

నేను తిరిగి చూసేలోపు ఈరమ్మ గూట్లో ఫోను తీసి, కొంగుతో అద్దం తుడిచి, ఒత్తేసింది. పచ్చ టిక్కు పడింది.

"ఏందే ఈరమ్మా గిది?"

"లేకుంటే సామెల్ భయపడ్తడు గదక్కా. నిన్న కూడా నేనే ఒత్తిన."

ఆమె కళ్లల్లో ఏ తప్పూ లేదు. పొరుగింటి బిడ్డకు భయం కలగకుండా చూసింది. అంతే.

సామెల్‌కు ఫోన్ చేశాను. "అరే సామెల్, మీ అమ్మకు మంచిగ లేదు. ఉన్నపళంగ బయలెల్లు."

"పొద్దుగాల్నే పరాష్కాలా అత్తా? గిప్పుడే టిక్కు పడ్డది. అమ్మ మంచిగనే ఉన్నది."

"పరాష్కం కాదురా, మీ నాయన మీద ఒట్టు."

"పిల్ల మళ్లొచ్చి కూసున్నదా?" అని నవ్వాడు. "స్లాబుంది అత్తా, మేస్త్రీ పిలుస్తుండు. రాత్రి చేస్తా."

పెట్టేశాడు. ఫోను సంచిలో పడేసి పైకెక్కాడు. నేను చేసిన కాల్స్ అన్నీ కింద ఆ సంచిలో మోగాయి. మధ్యాహ్నం అన్నానికి దిగినప్పుడు చూసి చేశాడు. అప్పటికి ఖేడ్ దవాఖానలో మార్తమ్మ మంచం పక్కన నేను, ఈరమ్మ నిలబడి ఉన్నాం. డాక్టర్లు చేయగలిగిందంతా చేశారు. పాదం విషం రక్తంలోకి పోయిందన్నారు. సామెల్ ఫోన్ రావడానికి కాసేపటి ముందే ప్రాణం పోయింది.

సాయంత్రం ఖేడ్ డిపోలో బస్సు దిగాడు. చేతిలో ఫోను. నా ముందు పెట్టి, ఆ రోజు పొద్దుటి టిక్కు చూపించాడు. "గిదేందత్తా మరి?"

ఈరమ్మ ఒత్తిందని చెప్పాను. దాచలేదు. వాడు ఆ టిక్కు వైపే చాలాసేపు చూశాడు.

మీకు చెప్పేది

తర్వాత నేను పని చేసినన్నాళ్లు పొద్దున్నే ముందు పచ్చ ఇళ్లకు పోయాను. సూపర్‌వైజర్ మొదట కోప్పడ్డాడు. ఈసారి నేను పరాష్కం ఆడలేదు. మార్తమ్మ పాదం ఎలా ఉండిందో చెప్పాను. తర్వాత అతను ఆ పద్ధతి మాట నాతో ఎత్తలేదు. పైవాళ్లకు రాశానన్నాడు. రాశాడో లేదో నాకు తెలియదు.

ఎర్ర పేరు అరుస్తుంది. దాని దగ్గరికి ఎవరో ఒకరు పోతారు. పచ్చ ఇంటికి ఎవరూ పోరు, మీరు పోండి. వాకిలి ముందు నుంచి కేకేసి పోకండి, లోపలికి పోండి. చెప్పులు విప్పించి పాదాలు, వేళ్ల సందులు చూడండి. ఇన్సులిన్ సీసా ఎత్తి, ఎంత తగ్గిందో చూడండి. పొద్దున ఏం తిన్నారో అడగండి. ఆ ఇంట్లో టిక్కు ఎవరు ఒత్తుతున్నారో, ఎవరి కోసం ఒత్తుతున్నారో కనుక్కోండి. మనవాళ్లు యాప్‌కు అబద్ధం చెప్పరు. అవతల ఉన్న మనిషికి క్షేమం చెప్తారు. ఆ రెంటికీ తేడా మీ డిగ్రీ పుస్తకాల్లో ఉందో లేదో నాకు తెలియదు.

ఇంకొకటి. నాలాగా నోరున్నవాళ్లెవరైనా మీలో ఉంటే, నవ్వించండి, మంచిదే. రోగి ఇంట్లో నవ్వు కూడా మందే. కానీ మీరు నిజం చెప్పినప్పుడు అది నిజమని తెలిసేలా ఒక గొంతు విడిగా దాచిపెట్టుకోండి. నేను దాచుకోలేదు. ఆ పొద్దున సామెల్ నమ్మివుంటే తల్లి బతికేదని కాదు. చేయి పట్టుకునేవాడేమో. అదొక్కటి నన్ను వదలదు.

మార్తమ్మను సమాధి చేసి వచ్చిన సాయంత్రం అందరం వాకిట్లో కూర్చున్నాం. చర్చి అయ్యగారు ప్రార్థన చేసి వెళ్లిపోయారు. ఛార్జింగ్ అయిపోయి ఆగిన ఆమె ఫోనును ఎవరో ప్లగ్గులో పెట్టారు. పొద్దుగూకే వేళకు గూట్లో నుంచి ఆ పిల్ల పలికింది.

"నమస్కారమండీ! మందు వేసుకున్నారా అండీ?"

ఈరమ్మ లేచింది. అలవాటైన వేలు, ఆమె ఆలోచించకముందే గూటి వైపు పోయింది. సామెల్ లేచి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. గట్టిగా కాదు.

"వద్దు పెద్దమ్మా. ఉండనీ."

ఈరమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది. వాడు ఆమె పక్కనే కూర్చున్నాడు. ఒక్క మాట అనలేదు ఆమెను, ఆ రోజుగానీ ఆ తర్వాతగానీ. ఫోను మళ్లీ మళ్లీ అడిగి, ఊరుకుంది. అరగంటకు సామెల్ చొక్కా జేబులో మోగింది. తీసి, దీపం వెలుగులో పైకి చదివాడు.

"అమ్మ ఇంకా మందు వేసుకోలేదు."

ఫోనును చేతిలోనే పట్టుకుని, మనిషిని అడిగినట్టే అడిగాడు.

"గిప్పుడు చెప్తున్నవా?"